ఉద్దానమున పిల్లలకు ప్రకృతి పాఠములు

మన పిల్లలు బడిలో పరిసరాల విజ్ఞానమను పుస్తకమును చదువుచున్నారు. నీరు ఆవిరియగుననియు, ఆవిరి మేఘమగుననియు, పక్షులు వలస పోవుననియు తప్పులేక అప్పజెప్పుదురు. అంతటితో పాఠము ముగియును. ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నైయాయికులు నాలుగు ప్రమాణములను చెప్పిరి. మన పిల్లల చదువులో కడపటిదైన శబ్దమొక్కటియే మిగిలినది. ఎవరో చెప్పిరి, వీరు వినిరి. ఇట్టి చదువు మరియొక చోట కొంత చెల్లునేమో! నీటిని గూర్చియు వ్యాధిని గూర్చియు దినమునకొక మాట పుట్టు మన టెక్కలి, పలాస, ఉద్దానపు సీమలో వినినదెల్ల నమ్ముట ప్రాణముమీదికి వచ్చును. మాష్టరుగారి యెదుట నలువదిమంది పిల్లలుందురు. మన యెదుట ఇద్దరో ముగ్గురో. కావున చూచి తెలిసికొనుట, చూచినదానినుండి ఊహించుట తల్లులమే నేర్పవలెను.

మొదట నీటిపాఠము. ఒకే తీరుగల మూడు స్టీలు పళ్లెములలో వాననీరు, నూతినీరు లేక బోరునీరు, సముద్రపు నీరు సమానముగ కొలిచి పోసి, దుమ్ము పడకుండ పలుచని గుడ్డ కప్పి ఎండలో పెట్టవలెను. వాననీటిని చూరునుండి గాక, ఆరుబయట గిన్నె పెట్టి నేరుగ పట్టవలెను. ఏ పళ్లెమున నేమి మిగులునో ముందుగనే పిల్లలచేత పలకమీద వ్రాయింపుడు. ఇది మరువరాదు. ఊహ వ్రాయకమునుపే ఫలము చూపినచో ప్రతివాడును “నేను అదే అనుకొంటిని” అనును.

నీరు ఆవిరియై పోయిన పిదప వాననీటి పళ్లెము దాదాపు శుభ్రముగ నుండును. నూతినీటి పళ్లెమున తెల్లని చార పడును. మూడవదానిలో ఉప్పు మిగులును. లీటరు సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణములుండును గనుక 200 మిల్లీలీటర్లకు 7 గ్రాములు రావలెను. కిరాణాకొట్టువానిని బతిమాలి తూపింపవచ్చును. వానలు వెళ్లిన క్రొత్తలో నదులనీరు కలియుటచేత తగ్గవచ్చును. తగ్గినచో తప్పనక, ఎందుకు తగ్గెనో పిల్లలనే అడుగుడు. పిమ్మట నౌపడ యుప్పుమళ్లను చూపినచో, తమ పళ్లెమే అచట పొలమంత యయినదని వారే చెప్పుదురు.

ఈ పాఠము నడుచునప్పుడు ఉద్దానపు బిడ్డ యెవడైనను ఒక ప్రశ్న వేయక మానడు: “అమ్మా, ఈ తెల్లచారవలననేనా మన వారికి కిడ్నీ జబ్బు వచ్చుచున్నది?” తాతనో, మేనమామనో డయాలిసిస్‌కు తీసికొనిపోవుట చూచిన బిడ్డ అడిగిన మాట అది. దానికి అవుననియు చెప్పరాదు, కాదనియు చెప్పరాదు. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములను పీడించు ఈ వ్యాధికి నీటిలోని సిలికాయు, లోహములును, పురుగుమందులును, ఎండలో నీరు చాలక చేయు చాకిరియు, నొప్పిమాత్రలును, వంశలక్షణమును కారణములేమో యని వైద్యపండితులు చాలయేండ్లుగ పరిశోధించుచున్నారు. ఇదియే యని ఒక్కటి నేటికిని నిశ్చయము కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనాకేంద్రమును, హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు నీరు తెచ్చు పథకమును ప్రారంభించిరి. బిడ్డతో ఇంతయు చెప్పవచ్చును. మన పళ్లెము నీటిలో ఏదో కరగియున్నదని మాత్రమే చూపును. అది విషమో, కాదో చెప్పజాలదు. చార పడని నీటిలోను హాని యుండవచ్చును. ఒక పరీక్ష దేనిని చెప్పునో, దేనిని చెప్పజాలదో యెరుగుట పరీక్ష చేయుటకంటె కష్టము. పదియేండ్ల పిల్లలు దీనిని పెద్దలకంటె త్వరగా గ్రహింతురని మా యనుభవము.

మరియొక సంగతి. కాచినచో నీటిలోని క్రిములు చచ్చును గాని, కరగిన లవణములలో పెక్కు పోవు. గిన్నె యడుగున పట్టు పొలుసు కొంత మాత్రమే. కాచిన నీటిని కూడ పళ్లెమున పోసి ఎండబెట్టినచో ఈ విషయము తేటపడును. కిడ్నీలకు నొప్పిమాత్రలు చేటు చేయుననుట మాత్రము సందేహము లేనిది. వైద్యుని అడుగక దుకాణమున కొనితెచ్చి మ్రింగు నలవాటు ఇండ్లలో మానవలెను.

అనుమానప్రమాణమునకు తేలినీలాపురమును మించిన బడి లేదు. టెక్కలి చేరువనున్న ఆ యూరికి యేటేట గూడబాతులును, ఎర్రకాళ్లకొంగలును శరత్కాలమున వచ్చి, చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచి, వేసవికి పోవును. ఊరివారు వానిని ఇంటి యాడబిడ్డలవలె చూతురు. అవి సైబీరియానుండి వచ్చునని చెప్పుట వాడుక. పిల్లలను ఈ ప్రశ్న అడుగుడు: ఉత్తరదేశపు పక్షులు అచటి వేసవిలో గూళ్లు కట్టి పిల్లలను పొదిగి, మంచు పడువేళకు ఆకలిచేత మన దేశమునకు వచ్చును. అట్టివి ఇచట తినిపోవును గాని గూడు కట్టవు. మరి ఇచట పుట్టిల్లు చేసికొను పక్షి ఏ దేశపుది? బిడ్డలు కొంతసేపు తలగోకికొని, “మనదే” అందురు. పక్షిశాస్త్రజ్ఞులు చెప్పునదియు అదియే: ఈ రెండును దక్షిణ, ఆగ్నేయాసియా ప్రాంతములలో గూళ్లు కట్టు పక్షులు. దూరమునుండి వచ్చినవన్నచో గౌరవమెక్కువయని కాబోలు, మనము సైబీరియాను విడువలేకున్నాము! గూళ్లను లెక్కించునప్పుడు దూరముననే నిలువవలెను. అలజడి చేసినచో తల్లిపక్షి లేచిపోవును.

పలాసవారికి జీడిమామిడి చాలును. మనము పండనునది నిజమైన పండు కాదు, ఉబ్బిన తొడిమ. దానికొనను వ్రేలాడు పిక్కయే ఫలము. మామిడిపండును ప్రక్కనబెట్టి, ఒకే కుటుంబమునకు చెందిన ఈ రెండింటిలో తొడిమ యెక్కడ, విత్తెక్కడ యని వెదకింపుడు. పచ్చిపిక్కను మాత్రము పిల్లలచేత కొట్టింపరాదు; పెంకులోని జీడిరసము చర్మమును పొక్కించును.

ఇక గాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస చేరువనే తీరము దాటి కొబ్బరిని, జీడిని నేలగూల్చెను. ఇప్పటి చిన్నతరగతుల పిల్లలు అప్పటికి పుట్టనివారు, లేదా చంటివారు. మన యర్ధగోళమున తుపానుగాలి గడియారపుముల్లునకు ఎదురుగ తిరుగును. కావున వాయుగుండము పుట్టినదని వినిన దినమున, గాలి ముదురకమునుపే, దానికి వీపునిచ్చి వసారాలో నిలిచి ఎడమచేయి చాచినచో తుపాను కేంద్రము ఇంచుమించు ఆ దిక్కుననే యుండును. పూటపూటకు దిక్కును వ్రాసికొనినచో అది యెటు కదలుచున్నదో పిల్లలే చెప్పగలరు. కేంద్రమే మన యూరిమీదుగ పోవునెడల గాలి హఠాత్తుగ ఆగి, ఆకాశము తేటపడవచ్చును. తుపాను పోయినదని రాలిన కొబ్బరికాయలేరుటకు పిల్లలు పరుగెత్తుదురు. అప్పుడు తలుపు గడియ తీయరాదు. కొంతసేపటికి అంతటి గాలియే ఎదురుదిక్కునుండి మరల కొట్టును.