పేరులోనే చిరునామా

వెబ్‌సైట్‌లో ఎవరో ‘బిల్లు చూపించు’ అన్న బటన్ నొక్కుతారు. సర్వర్ మీద పీహెచ్‌పీ భాషలో రాసిన ప్రోగ్రాం మొదలవుతుంది. బిల్లు లెక్కగట్టే కోడ్‌ని వెతికి తెచ్చుకుంటుంది, పేజీ తయారుచేసి పంపుతుంది, ఆ వెంటనే చేసినదంతా మరిచిపోతుంది. మరొకరు నొక్కితే మళ్లీ మొదటికే. మామూలు పద్ధతిలో పీహెచ్‌పీ పనిచేసే తీరు ఇదే కాబట్టి, కావలసిన కోడ్ ఏ ఫైల్లో ఉందో కనిపెట్టడమనే పని ప్రతి క్లిక్‌కీ ఎదురవుతుంది. ఒక పనికి సంబంధించిన సమాచారాన్నీ, ఆ పని చేసే సూచనలనూ ఒకచోట చేర్చి పేరు పెట్టిన కోడ్‌ని క్లాస్ అంటారు. ఓ మోస్తరు సైటులో ఇవి వందల్లో ఉంటాయి. పేరు వినగానే ఫైలును దానంతటదే తెచ్చుకునే ఏర్పాటు పేరు ఆటోలోడింగ్. ఇదంతా కంప్యూటర్ తెలివి అనిపిస్తుంది గానీ, దీని చరిత్ర చూస్తే ఘనత ఎక్కువ భాగం మనుషుల ఒప్పందానిదే.

ఆటోలోడింగ్ రాకముందు ప్రతి ఫైలు తలమీద ఒక జాబితా ఉండేది: ఈ ఫైలు తీసుకురా, ఆ ఫైలు తీసుకురా అని. ఒకటి రాయడం మరిచిపోతే పేజీ మధ్యలో ఆగిపోయేది. ఒకే ఫైలును రెండుసార్లు తెస్తే, ఈ పేరుతో క్లాస్ ఇప్పటికే ఉందంటూ మరో తప్పు వచ్చేది. ఫైలు పేరు మార్చినా, ఫోల్డర్ మార్చినా, దాన్ని పిలిచే జాబితాలన్నీ వెతికి దిద్దాలి. ఏమొచ్చినా ఇబ్బంది లేకుండా అన్ని ఫైళ్లనూ ముందే తెచ్చి పెట్టుకునేవాళ్లూ ఉండేవారు. అప్పుడు నాలుగు క్లాసులతో తేలిపోయే పేజీ కోసం కూడా సర్వర్ మొత్తం కోడ్‌ని మోయాల్సి వచ్చేది.

2004లో పీహెచ్‌పీ 5 దీనికి ఒక దారి చూపింది. తెలియని క్లాస్ పేరు తగిలితే భాష వెంటనే చేతులెత్తేయకుండా, ప్రోగ్రామర్ రాసిపెట్టిన ఆటోలోడ్ అనే ఫంక్షన్‌ని పిలిచి, ఇదీ పేరు, ఎక్కడుందో చూసి తెచ్చిపెట్టు అనేది. అయితే ఒక ప్రోగ్రాంలో అలాంటి ఫంక్షన్ ఒక్కటే ఉండటానికి వీలుండేది. ఇతరులు రాసిపెట్టిన కోడ్ కట్టలను లైబ్రరీలు అంటారు; వేర్వేరు చోట్ల నుంచి తెచ్చుకున్న రెండు లైబ్రరీలూ దాన్నే రాసుకుంటే ప్రోగ్రాం మొదటి అడుగులోనే పడిపోయేది. 5.1 తరంలో ఎన్ని ఫంక్షన్లనైనా వరుసలో నమోదు చేసుకునే వీలు వచ్చింది. దాంతో యంత్రం చేయగలిగినదంతా చేసేసినట్టే. అయినా చిక్కు తీరలేదు. పేరుకీ ఫైలుకీ ఉన్న సంబంధాన్ని ఒక్కో బృందం ఒక్కో రకంగా పెట్టుకుంది. సైటు కట్టడానికి సిద్ధంగా దొరికే కోడ్ చట్రాల్లో, అంటే ఫ్రేమ్‌వర్క్‌లలో, జెండ్ ఫ్రేమ్‌వర్క్ వంటివి పేరులో అండర్‌స్కోర్ ఉన్నచోటల్లా ఒక ఫోల్డర్ దిగేవి. మరికొన్నిటి లెక్క వేరు. లైబ్రరీకో లోడర్, అంటే ఫైలును తెచ్చే ఫంక్షన్, రాసుకోక తప్పేది కాదు.

అసలు మలుపు 2009లో వచ్చింది. ఆ ఏడాది విడుదలైన పీహెచ్‌పీ 5.3, క్లాసులకు ఇంటిపేరులా ముందు చేరే నేమ్‌స్పేస్‌ని తెచ్చింది. అదే ఏడాది వేర్వేరు ఫ్రేమ్‌వర్క్‌ల వాళ్లు కలిసి కూర్చుని, తర్వాత పీహెచ్‌పీ ఫిగ్ అని పేరుపడ్డ బృందంగా ఏర్పడి, పీఎస్ఆర్-0 అనే నియమం రాసుకున్నారు. 2013 చివర్లో దాన్ని సరళం చేసి పీఎస్ఆర్-4 తెచ్చారు. ఇప్పుడు దాదాపు అందరూ వాడేది ఇదే. ‘షాప్\బిల్లింగ్\ఇన్‌వాయిస్’ అనే క్లాస్ ఉందనుకుందాం. ‘షాప్’తో మొదలయ్యేవన్నీ ‘సోర్స్’ ఫోల్డర్‌లో ఉంటాయని ఒకే ఒక్క వరుస ముందుగా రాసిపెడతారు. పేరు తగలగానే లోడర్ ‘షాప్’ తీసేసి ‘సోర్స్’ పెడుతుంది, మిగిలిన గీతల్ని ఫోల్డర్ గీతలుగా మారుస్తుంది, చివర ‘డాట్ పీహెచ్‌పీ’ తగిలిస్తుంది: సోర్స్/బిల్లింగ్/ఇన్‌వాయిస్.పీహెచ్‌పీ. వెతుకులాట లేదు, పేరే దారి. 1972లో మొదలైన మన పిన్ కోడ్ కూడా ఇలాంటి ఒప్పందమే. మొదటి అంకె 5 అయితే ఉత్తరం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల వైపు వెళ్లాలని అందరూ ఒప్పుకున్నారు కాబట్టే అది చేరుతుంది.

గమనించాల్సింది ఏమిటంటే, పీఎస్ఆర్-4 అనేది ఒకటుందని పీహెచ్‌పీ భాషకి ఇప్పటికీ తెలియదు. అది కాగితం మీది మాట. నిల్స్ ఆడెర్మన్, జోర్డీ బొజ్జానో తయారుచేసి 2012లో విడుదల చేసిన కంపోజర్ అనే సాధనం ఈ మాటని నమ్ముకునే లోడర్‌ని తయారుచేసి ఇస్తుంది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి రాసిన లైబ్రరీని ఈరోజు ఒక్క ఆదేశంతో తెచ్చుకుని మరుక్షణం వాడుకోగలుగుతున్నామంటే దానికి ఆధారం ఈ ఒప్పందమే.

ఆటోలోడింగ్ మీద అభ్యంతరాలు ఉన్నాయి, తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. జాబితా కళ్లముందు ఉంటే ఏ ఫైలు దేనిమీద ఆధారపడిందో తెలిసేది, ఇప్పుడంతా తెరచాటున జరుగుతోంది అంటారు. పైథాన్ ఇప్పటికీ ఏది కావాలో ప్రతి ఫైల్లోనూ రాయమంటుంది. కానీ పీహెచ్‌పీలోనూ నేమ్‌స్పేస్ వాడే ఫైలు తలమీద ‘యూజ్’ వరుసలు ఉండనే ఉంటాయి. అవి ఫైలును తేవు, పూర్తి పేరుకి పొట్టి పేరు పెడతాయంతే. చదివేవారికి కావలసిన జాబితా అక్కడ చాలావరకు దొరుకుతుంది. వేగం మాటకొస్తే, ఫోల్డర్లలో ఫైలుందా లేదా అని చూడటానికి కొంత సమయం పట్టే మాట నిజమే. అందుకే సైటును జనంలోకి పంపేముందు ప్రతి క్లాస్‌కీ ఫైలుదారి రాసిన పట్టికని కంపోజర్ చేత కట్టించుకోవచ్చు.

భద్రత గురించిన అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. 2011లో వచ్చిన పీహెచ్‌పీ 5.3.7లో ‘ఈజ్ ఎ’ అనే చిన్న ఫంక్షన్ తీరు మారింది. దానికి ఇచ్చిన అక్షరాల వరుస ఏదైనా సరే, అది క్లాస్ పేరేమోనని ఆటోలోడర్‌ని పిలవడం మొదలుపెట్టింది. వచ్చిన పేరును ఉన్నదున్నట్టు ఫైలుదారిగా వాడే లోడర్లు అప్పట్లో ఉండేవి. సర్వర్ సెట్టింగులు కూడా కలిసొస్తే, బయటివాడు పంపిన చిరునామా నుంచి వాడి కోడే వచ్చి నడిచే ప్రమాదం ఏర్పడింది. ఆటోలోడింగ్ వద్దనడానికి దీన్ని సాక్ష్యంగా చూపేవాళ్లతో నేను ఏకీభవించను. అక్కడ దెబ్బతిన్నది హద్దు లేని లోడర్. తెలిసిన ఇంటిపేరును తెలిసిన ఫోల్డర్‌కి మాత్రమే ముడిపెట్టే పీఎస్ఆర్-4 పద్ధతిలో ఆ దారి మూసుకుపోతుంది.

ఒప్పందం మీద నిలబడ్డ ఏర్పాటు కాబట్టి, ఒప్పందంలో అక్షరం తప్పినా చెడుతుంది. తెలుగు లిపిలో చూపడానికి వీల్లేదు గానీ, ఇంగ్లిష్ పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా ఇక్కడ ప్రాణాంతకం. ఫైలు పేరు చిన్న ‘ఐ’తో, క్లాస్ పేరు పెద్ద ‘ఐ’తో ఉన్నాయనుకుందాం. మామూలు విండోస్ కంప్యూటర్‌కి రెండూ ఒకటే, ఫైలు దొరుకుతుంది, పని సాగుతుంది. అదే కోడ్‌ని లైనక్స్ సర్వర్ మీద పెట్టగానే క్లాస్ కనబడలేదంటూ పేజీ ఆగిపోతుంది. పైగా పీహెచ్‌పీ క్లాస్ పేర్లలో ఈ తేడా పట్టించుకోదు కాబట్టి, ఆ క్లాస్ అప్పటికే లోడయి ఉంటే ఎలా పిలిచినా పలుకుతుంది. ఒక పేజీలో పనిచేసి మరో పేజీలో చేయకపోవడానికి ఇదొక కారణం. కొత్తగా ఉద్యోగంలో చేరినవారు ఇలాంటిచోట సర్వర్‌ని అనుమానిస్తూ గంటలు పోగొట్టుకుంటారు. 2020లో వచ్చిన కంపోజర్ 2, పట్టిక కట్టేటప్పుడు పేరుకీ ఫైలుకీ పొంతన లేని క్లాసుల్ని పేరుపెట్టి చెప్పి పక్కన పెట్టేస్తుంది. అది కొందరికి కటువుగా తోచింది, కానీ చేయాల్సింది అదే. పట్టిక కట్టే ఆదేశాన్ని, కోడ్‌ని సర్వర్‌కి పంపే రోజు మాత్రమే కాకుండా, కోడ్ రాసే కంప్యూటర్ మీదే రోజూ నడిపి, వచ్చిన హెచ్చరికల్ని అప్పటికప్పుడు దిద్దుకోవడం మంచిది.