చైనాను చూసే కళ్ళు

చైనా అనగానే మనలో ఎక్కువమందికి ముందు గుర్తొచ్చేది చౌక వస్తువు. మూడు నెలలకే పాడయ్యే ఛార్జరు, తిరునాళ్ళలో కొన్న బొమ్మ తుపాకీ. "చైనా సరుకు" అనే మాటకు మన వాడుకలో నమ్మకం లేనిదనే అర్థం ఎప్పుడో స్థిరపడిపోయింది. ఆ తర్వాత గుర్తొచ్చేది సరిహద్దు. 1962 యుద్ధాన్ని పుస్తకంలో చదివాం. కాని 2020 జూన్ 15 రాత్రి గాల్వాన్ లోయలో ప్రాణాలర్పించిన 20 మంది భారత సైనికుల్లో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు ఉన్నారు కాబట్టి అది పుస్తకంలోని యుద్ధంగా మిగలలేదు. ఇక పోటీ పరీక్షలకు చదివే అన్నలు, అక్కలు అయితే 2001లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది, 2010లో జపాన్‌ను దాటి రెండో పెద్ద ఆర్థిక వ్యవస్థ అయింది అని గడగడా అప్పజెబుతారు.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఈ మూడింటినీ పక్కపక్కన పేర్చి చూస్తే 140 కోట్లమంది మనుషులు మాత్రం ఎక్కడా కనిపించరు. మేము ఎం.ఏ. రాజనీతిశాస్త్రంలో చైనా గురించి చదువుకున్నప్పుడు ఆ దేశం ఎంత ఆశ్చర్యపరిచిందో, దాన్ని బయటివాళ్ళు చూస్తూ వచ్చిన తీరు అంతకంటే ఎక్కువ ఆశ్చర్యపరిచింది. కొందరికి అది స్వర్గం, కొందరికి భూతం. ఎవరికి ఏది కావాలో వాళ్ళకు అదే కనబడింది.

ఎడ్గార్ స్నో సంగతే తీసుకుందాం. ఈ అమెరికన్ పాత్రికేయుడు 1936లో ఎర్రసైన్యం స్థావరాలకు వెళ్ళి మావోను కలిసి, మరుసటి ఏడాది "రెడ్ స్టార్ ఓవర్ చైనా" అనే పుస్తకం తెచ్చారు. కొండ గుహల్లో తలదాచుకున్న కమ్యూనిస్టులు ఎవరో, వాళ్ళు ఏం కోరుతున్నారో బయటి ప్రపంచానికి దగ్గరగా తెలిసింది ఆ పుస్తకంతోనే. అదే స్నో 1960లో మళ్ళీ చైనా వెళ్ళి, నెలల తరబడి తిరిగి, అక్కడ కరువు ఉందని తాను నమ్మడం లేదని రాశారు. తర్వాతి కాలంలో ఫ్రాన్సు అధ్యక్షుడైన మిత్తెరా 1961లో వెళ్ళి వచ్చి దాదాపు అదే మాట చెప్పారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే చరిత్రలోకెల్లా పెద్ద కరువు ఆ దేశపు పల్లెలను తినేస్తున్నది. 1958లో మావో "గొప్ప ముందంజ" పేరుతో పల్లెలన్నిటినీ కమ్యూన్లుగా మార్చారు. ఇళ్ళల్లో పొయ్యిలు ఆర్పించి సామూహిక వంటశాలలు పెట్టించారు. పెరటి కొలిముల్లో ఉక్కు తీయమన్నారు. పైవాళ్ళ మెప్పు కోసం కిందివాళ్ళు పంట దిగుబడిని పెంచి రాశారు. ప్రభుత్వం ఆ కాగితం మీది పంటను బట్టి ధాన్యం సేకరించుకుపోయింది. ఎంతమంది చనిపోయారన్న దానిపై పరిశోధకుల అంచనాలు కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల దాకా ఉన్నాయి. 1959లో, జనం చస్తున్న ఏడాదే, చైనా ధాన్యం ఎగుమతి కూడా చేసింది.

బయటివాళ్ళకు కనబడలేదు సరే, లోపలివాళ్ళకైనా కనబడిందా? యాంగ్ జిషెంగ్ అనే ఆయన కథ మన హాస్టల్ పిల్లలందరూ తెలుసుకోవలసినది. 1959లో ఆయన హుబే రాష్ట్రంలో బోర్డింగ్ పాఠశాలలో చదువుకుంటున్న కుర్రాడు. మీ నాన్న ఆకలితో చావుబతుకుల్లో ఉన్నాడని ఊరి నుంచి స్నేహితుడు వచ్చి చెప్పాడు. యాంగ్ పాఠశాల భోజనశాలలో తన వాటా బియ్యం అడిగి తీసుకుని ఇంటికి పరుగెత్తాడు. తనను పెంచిన ఆ తండ్రికి అప్పటికే మింగే శక్తి లేదు. మూడు రోజుల్లో పోయాడు. ఆ కుర్రాడు దాన్ని తమ ఇంటి దురదృష్టమనే అనుకున్నాడు. ప్రభుత్వాన్ని అనుమానించనే లేదు, ముందంజను పొగుడుతూనే ఉన్నాడు. పక్క ఊళ్ళోనూ అదే జరుగుతోందని అతనికి చెప్పే పత్రిక లేదు. తర్వాత ఆయన ప్రభుత్వ వార్తాసంస్థ షిన్హువాలోనే విలేకరి అయ్యారు. ఆ గుర్తింపు కార్డుతోనే ఏళ్ళ తరబడి రాష్ట్రాల దస్త్రాలు తవ్వి, 3 కోట్ల 60 లక్షల మంది చనిపోయారని లెక్క తేల్చి, "సమాధిరాయి" అనే పుస్తకం రాశారు. 2008లో అది హాంకాంగ్‌లో వెలువడింది. చైనా ప్రధాన భూభాగంలో దానికి నిషేధం.

ఇక్కడిదాకా చదివి మన దేశమే నయం అని ఊపిరి పీల్చుకునేవాళ్ళకు అమర్త్యసేన్ ఇంకో లెక్క చెబుతారు. పత్రికలూ ఎన్నికలూ ఉన్నాయి కాబట్టి స్వతంత్ర భారతంలో అంత కరువు రాలేదు, నిజమే. కాని వైద్యం, తిండి, చదువు సరిగా అందక మన దగ్గర మామూలు రోజుల్లో చప్పుడు లేకుండా పోయే ప్రాణాలను చైనా మరణాల రేటుతో పోల్చితే, చైనా తన కరువులో పోగొట్టుకున్నంతమందిని మనం ప్రతి ఎనిమిదేళ్ళకోసారి అదనంగా పోగొట్టుకుంటూ వచ్చామని ఆయన, జాన్ డ్రేజ్ కలిసి 1989లో రాశారు. కరువు చావు వార్త అవుతుంది. పి.హెచ్.సి.లో డాక్టరు లేక పోయిన బాలింత చావు వార్త కాదు. ఏ గూడెం నుంచి వచ్చినవాళ్ళకైనా ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

మన దేశంలో చైనాను స్వర్గంగా చూసినవాళ్ళూ తక్కువేమీ కాదు. "చైనా ఛైర్మన్ మా ఛైర్మన్" అని ఒకప్పుడు కలకత్తా గోడల మీద రాశారు. ఆ వేడి మన శ్రీకాకుళం కొండల దాకా వచ్చింది. విచిత్రమేమిటంటే, ఒక దేశపు ఛైర్మన్‌ను ఇంకో దేశపు పార్టీ తన ఛైర్మన్ అనడం తప్పని 1970లో సాక్షాత్తూ చైనా ప్రధాని చౌ ఎన్‌లైయే ఇక్కడి నుంచి వెళ్ళిన ప్రతినిధికి చెప్పి పంపారు.

మావో 1976లో పోయారు. 1978 డిసెంబరులో అన్హుయ్ రాష్ట్రంలోని షియావోగాంగ్ అనే ఊళ్ళో 18 మంది రైతులు రహస్యంగా కమ్యూన్ భూమిని పంచుకుని కాగితం మీద వేలిముద్రలు వేశారు. మాలో ఎవరైనా జైలుకు పోతే వాళ్ళ పిల్లలను మిగతావాళ్ళం 18 ఏళ్ళు వచ్చేదాకా పెంచుతాం అని అందులో రాసుకున్నారు. డెంగ్ జియావోపింగ్ సంస్కరణలు అదే దారిన నడిచాయి. తర్వాతి 40 ఏళ్ళలో దాదాపు 80 కోట్లమంది తీవ్ర పేదరికం నుంచి బయటపడ్డారని ప్రపంచ బ్యాంకు లెక్క. ప్రపంచంలో ఇంకెక్కడా ఇంత వేగంగా ఇంతమంది బయటపడలేదు. ఇది నచ్చనివాళ్ళు కూడా ఒప్పుకోవలసిన విషయం.

అయితే ఆ వెలుగుల నగరాలను కట్టిన చేతులు ఎవరివి? ఇది తెలియాలంటే "హుకౌ" అనే మాట తెలియాలి. హుకౌ అంటే కుటుంబ నమోదు పుస్తకం. 1958 చట్టంతో ప్రతి మనిషికీ ఊరివాడనో పట్నంవాడనో ముద్ర పడింది. పుట్టుకతో వచ్చే ముద్ర అది, తల్లి నుంచి బిడ్డకు పోయేది. అప్పట్లో ఆ ముద్ర లేకుండా పట్నంలో రేషన్ గింజ కూడా దొరికేది కాదు. సంస్కరణల తర్వాత పల్లె మనిషి పట్నం వచ్చి పని చేసుకోవచ్చన్నారు గాని పిల్లల బడి, ఆసుపత్రి, పింఛను మాత్రం ముద్ర ఉన్న ఊళ్ళోనే. షెన్‌జెన్ ఫ్యాక్టరీల్లో, బీజింగ్ భవనాల మీద పని చేసింది ఎక్కువగా వీళ్ళే. 2020 జనగణన ప్రకారం చైనాలో 64 శాతం మంది పట్నాల్లో ఉంటున్నారు, పట్నం హుకౌ ఉన్నది మాత్రం 45 శాతానికే. ఆ తేడా దాదాపు 26 కోట్లమంది. చిన్న పట్నాల్లో నిబంధనలు సడలించారు గాని బీజింగ్, షాంఘై లాంటి చోట్ల తలుపు ఇంకా బిగించే ఉంది.

అందువల్ల అమ్మానాన్నలు పట్నంలో, పిల్లలు ఊళ్ళో తాతమ్మల దగ్గరో బోర్డింగ్ బడుల్లోనో ఉండిపోతారు. వాళ్ళను అక్కడ "వెనక మిగిలిన పిల్లలు" అంటారు. కొత్త సంవత్సరం పండుగకు ఒకసారి అమ్మానాన్నలు వస్తారు. పాలమూరు వలస కుటుంబాల పిల్లలు మన హాస్టళ్ళలో ఎంతమంది ఉన్నారో తలుచుకుంటే, చైనా చాలా దూరంలో ఉన్న దేశమని అనిపించదు.

వీళ్ళ ఆశ అంతా "గావోకావో" మీద. అది విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష. సాంస్కృతిక విప్లవంలో ఆపేసి, 1977లో మళ్ళీ పెట్టినప్పుడు పొలాల్లోంచి, గనుల్లోంచి 57 లక్షలమంది వచ్చి రాస్తే రెండు లక్షల డెబ్బై వేలమందికి పైగా సీట్లు దొరికాయి. 2024లో 1 కోటి 34 లక్షలమంది నమోదు చేసుకున్నారు. పరీక్ష మూల్యాంకనంలో పక్షపాతం ఉండదని పేరు. కాని పట్నంలోనే పెరిగిన వలస కూలీ బిడ్డ చాలా సందర్భాల్లో హుకౌ ఉన్న రాష్ట్రానికి తిరిగి వెళ్ళి రాయాలి. పైగా పెద్ద విశ్వవిద్యాలయాల సీట్లలో బీజింగ్ పిల్లలకు ఉన్నంత అవకాశం హెనాన్ పల్లె పిల్లలకు లేదు. ప్రతిభ ప్రతిభ అని వల్లించేవాళ్ళు అక్కడా ఉన్నారు. 2020 మేలో ప్రధాని లీ కెచియాంగ్ విలేకరుల ముందే, దేశంలో 60 కోట్లమంది నెలకు వెయ్యి యువాన్ల లోపు ఆదాయంతో ఉన్నారని చెబితే చైనా నగరవాసులే నివ్వెరపోయారు.

ఇక బయట పెరుగుతున్న పలుకుబడి. 2013లో మొదలైన "బెల్ట్ అండ్ రోడ్" పథకం గురించి మాట్లాడితే అందరి నోటా వచ్చేది శ్రీలంకలోని హంబన్‌టోట రేవు. చైనా అప్పిచ్చి, తీర్చలేకపోతే రేవు లాక్కుంది అని కథ. దీనికి "అప్పుల ఉచ్చు దౌత్యం" అని 2017లో పేరుపెట్టింది మన దేశపు వ్యూహ నిపుణుడు బ్రహ్మ చెల్లానీ. మరుసటి ఏడాదికి అది అమెరికా ఉపాధ్యక్షుడి ప్రసంగందాకా పోయింది. మనకు ఈ కథ ఎందుకు వెంటనే ఎక్కుతుందో వేరే చెప్పాలా? అప్పు కింద పొలం రాయించుకునే షావుకారును మనం ఎరుగుదుం.

కాని లెక్కలు ఇంకోలా ఉన్నాయి. ఆ రేవు ఆలోచన చైనాది కాదు. అది అప్పటి అధ్యక్షుడు మహింద రాజపక్స సొంత జిల్లా. చైనా ఎగ్జిమ్ బ్యాంకు మొదటి దశకు 30.7 కోట్ల డాలర్లు, 6.3 శాతం వడ్డీకి ఇచ్చింది. 2017లో రేవును 99 ఏళ్ళ లీజుకు చైనా కంపెనీకి ఇచ్చి శ్రీలంక 112 కోట్ల డాలర్లు తీసుకుంది. ఆ డబ్బుతో రేవు అప్పు తీరలేదు, అది శ్రీలంక ఖాతాలోనే ఉండిపోయింది. డాలర్లు వేరే విదేశీ చెల్లింపుల ఇబ్బంది గట్టెక్కడానికి పనికొచ్చాయి. 2022 ఏప్రిల్‌లో ఆ దేశం చేతులెత్తేసేనాటికి విదేశీ అప్పుల్లో అన్నిటికన్నా పెద్ద భాగం అంతర్జాతీయ మార్కెట్లో అమ్మిన బాండ్లది. చైనా వాటా, లెక్కించే పద్ధతిని బట్టి, 10 నుంచి 20 శాతం. షావుకారు ఒక్కడు కాదన్నమాట. మిగతావాళ్ళు సూటూబూటూ వేసుకుని ఉండటంతో మనకు ఆనలేదు.

అలాగని చైనా ధర్మదాత ఏమీ కాదు. దాని అప్పుల షరతులు చాలావరకు రహస్యం. పాలకుడి సరదాకు కట్టే రేవుకైనా, విమానాశ్రయానికైనా అడగ్గానే డబ్బిస్తుంది, భారం జనం మీద పడుతుంది. 2022 ఆగస్టులో భారత్ అభ్యంతరం చెప్పినా యువాన్ వాంగ్-5 అనే చైనా నౌక అదే హంబన్‌టోటలో ఆగింది. పలుకుబడి అంటే అదే.

ఆఫ్రికా చూపు వేరు. ప్రపంచ బ్యాంకు కాదన్న టాంజానియా–జాంబియా రైలుమార్గాన్ని, 1,860 కిలోమీటర్లు, 1970ల్లో తానే పేదగా ఉన్న చైనా వడ్డీలేని అప్పుతో కట్టి ఇచ్చింది. ప్యూ సంస్థ 2023లో 24 దేశాల్లో సర్వే చేస్తే మధ్యస్థంగా 67 శాతం మందికి చైనా మీద మంచి అభిప్రాయం లేదు. కెన్యా, నైజీరియాల్లో మాత్రం సగానికి పైగా జనం మంచిగానే చెప్పారు.

రాజకీయాల విషయంలోనూ రెండు రకాల పొరపాట్లున్నాయి. ప్రతి చైనా పౌరుడికీ ప్రభుత్వం మార్కులు వేస్తుందని, మార్కులు తగ్గితే రైలెక్కనివ్వదని ప్రచారం. అలాంటి దేశవ్యాప్త మార్కు ఏదీ లేదు. కోర్టు తీర్పు ప్రకారం బాకీ కట్టనివాళ్ళ జాబితా ఉంది, వాళ్ళకు విమానం, వేగపు రైలు టికెట్లు ఇవ్వరు. ఇలాంటి కట్టుకథలకు నవ్వి, అసలు నిజాలను కూడా కట్టుకథలని తోసేయడం రెండో పొరపాటు. షిన్‌జియాంగ్‌లో వీగర్ ముస్లింల నిర్బంధాలు మానవత్వంపై నేరాలు కావచ్చని 2022లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయమే నివేదిక ఇచ్చింది. 2018లో అధ్యక్ష పదవికి రెండుసార్ల పరిమితి ఎత్తేయడంతో షీ జిన్‌పింగ్ మూడోసారి కొనసాగుతున్నారు. 2022లో ఏర్పడిన 24 మంది పొలిట్ బ్యూరోలో ఒక్క మహిళ లేరు. అయినా ఆ జనం నోరు లేనివాళ్ళు కారు. 2022 నవంబరులో ఉరుంచి అగ్నిప్రమాదం తర్వాత, కోవిడ్ ఆంక్షలతో విసిగిన విద్యార్థులు రాతలేని తెల్లకాగితాలు పట్టుకుని వీధుల్లో నిలబడ్డారు. మరుసటి నెలలోనే ఆంక్షలు సడలాయి.

మన దగ్గర టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను 2020లో నిషేధించాం. 2024–25లో చైనా నుంచి మన దిగుమతులు 11,300 కోట్ల డాలర్లు దాటాయి. దేశంలోకి వచ్చే మందుల ముడిపదార్థాల్లో దాదాపు 70 శాతం అక్కడివే, హైదరాబాద్ మందుల కంపెనీలకు ఆ సంగతి బాగా తెలుసు. ఇంత సంబంధం ఉండి కూడా చైనాను మనం ఎక్కువగా ఇంగ్లీషువాళ్ళ కళ్ళతోనే చూస్తున్నాం. 7వ శతాబ్దంలో హ్యుయాన్‌త్సాంగ్ ధాన్యకటకం వచ్చి, ఇక్కడి భాష, బౌద్ధ విహారాల సంగతులు స్వయంగా రాసుకుపోయాడు. ఇప్పుడు అటు వెళ్తున్న తెలుగువాళ్ళలో ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు చాలామంది ఉన్నారు. వాళ్ళు రోగులతో మాట్లాడటానికి చైనా భాష నేర్చుకుంటారు గాని, తాము చూసిన చైనా గురించి తెలుగులో రాసేవాళ్ళు అరుదు.

ఆసక్తి ఉన్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక సమాచారం. ఢిల్లీ జె.ఎన్.యు.లో చైనా భాషలో బి.ఏ. ఆనర్స్ ఉంది. ఇంటర్ అయ్యాక సి.యు.ఇ.టి. రాసి చేరవచ్చు. ముందుగా ఒక్క అక్షరం కూడా వచ్చి ఉండనక్కర్లేదు, అక్కడే మొదటి నుంచి నేర్పుతారు.