అమెరికా జట్టులో తెలుగు బాలికలు

కొడాలి, కొలన్, ముళ్ళపూడి, భద్రిరాజు. ఈ యింటిపేర్లను వరుసగా చదివినవారు ఏ కృష్ణాతీరపు శుభలేఖనో, ఏ గోదావరి లంకభూముల దస్తావేజునో చేతబట్టితి మనుకొందురు. కాని యివి 2023 జనవరిలో దక్షిణాఫ్రికాయందు జరిగిన పందొమ్మిదేండ్లలోపు బాలికల తొలి ప్రపంచ క్రికెట్టు పోటీకి అమెరికా సంయుక్త రాష్ట్రములు పంపిన జట్టు పట్టికలోనివి. ఆ జట్టులోని పదునైదుగురును భారతీయ సంతతివారే యని నాడు పలువురు వింతగా చెప్పుకొనిరి. నాయకురాలు ఉత్తర కెరొలినాలో పెరిగిన గీతిక కొడాలి. వేగముగ బంతి వేయుటలో నేర్పరి. వారి వర్గమున బంగ్లాదేశము, ఆస్ట్రేలియా, శ్రీలంక లుండెను. మూడింటి చేతను ఓడిరి. రెండేండ్లకు, 2025 జనవరిలో, మలేషియాలో ఆ పోటీ మరల జరుగగా అనిక కొలన్ నాయకత్వమున వచ్చిన జట్టు ఐర్లండును ఓడించి రెండవ దశ కెక్కెను. ఈ పర్యాయము పట్టికలో ఇమ్మడి, వల్లభనేని యను పేర్లు చేరినవి.

ఇట్టి వార్త లందినపుడెల్ల మనవారిలో రెండు విధముల మాటలు వినవచ్చుచున్నవి. కొందఱు "మన పిల్లలే అమెరికాను నడుపుచున్నా"రని మీసము దువ్వుదురు. కొందఱు "మన రక్తము పరుల జెండాక్రింద నాడుటయా" యని నొచ్చుకొందురు. మాకు రెండును సమ్మతములు గావు. ఆ బాలికలు పెరిగిన నేల అది. వారి బడి యచ్చటిది, వారి చెలికత్తె లచ్చటివారు. ఏ నీరు త్రాగి పెద్దవారైరో ఆ నేల పక్షమున నిలిచి యాడుట వారికి ధర్మము. దానిని తప్పుపట్టువారు స్వదేశభక్తిని ఎఱిగినవారు గారు. దానిని మన సొత్తని చాటుకొనువారు మాత్రము ఏమి చేసి యా గౌరవమున భాగము కోరుచున్నారో మాకు బోధపడకున్నది.

జాతీయమను మాటకు అర్థమేమో కోనసీమవారికి, అందును వాడపల్లివారికి, ఒకరు చెప్పనక్కఱలేదు. 1931 మార్చిలో ఆత్రేయపురము చెంతనున్న ఆ గౌతమీతీర గ్రామమున వేంకటేశ్వరస్వామివారి రథోత్సవము జరుగుచుండగా, రథముపై గాంధీమహాత్ముడు మున్నగు నాయకుల పటముల నుంచిరి. పోలీసులు దాని కడ్డుపడిరి, జనులు లొంగలేదు. తుపాకులు ప్రేలినవి, నలుగురు ప్రాణములు గోల్పోయిరి. గాంధీ ఇర్విను ఒడంబడిక కుదిరి అప్పటికి నెల యైనను నిండలేదు. రథపు మోకు ఒక యింటివారు లాగిన కదలునది కాదు; ఊరెల్ల పట్టవలెను. కావున ఒక జట్టును జాతీయమని పిలుచునపుడు దాని మోకు నెవ రెవరు పట్టిరని విచారించుట అట్టి గడ్డపై పుట్టినవారికి తగియే యున్నది.

అమెరికాలో క్రికెట్టు క్రొత్తది కాదు. దేశములకు దేశములకు నడుమ జరిగిన క్రికెట్టు పోటీలలో మొదటిదిగా లెక్కింపబడునది 1844లో న్యూయార్కున అమెరికా, కెనడా లాడినదే. పిమ్మట బేస్‌బాలు వచ్చి దానిని మూలబెట్టెను. నేడు దానిని మరల బ్రదికించినవారు మన ఖండమునుండియు, కరీబియను దీవులనుండియు వలసపోయినవారు. స్త్రీల జట్టు 2019లో సింధు శ్రీహర్ష నాయకత్వమున ఇరువది ఓవర్ల అంతర్జాతీయ పోటీలలో అడుగిడెను. 2021లో మెక్సికోలో బ్రెజిలు, కెనడా, అర్జెంటీనా జట్లను వెనుకవైచి, మఱుసటి యేడు అబూధాబిలో ప్రపంచ అర్హతపోటీ నాడెను. ఆ 2022లోనే అంతర్జాతీయ క్రికెట్టు మండలి అమెరికా స్త్రీలకు ఒకదినపు పోటీల హోదా నిచ్చినది. అదే తీర్పున హాలండు, స్కాట్లండు, థాయిలాండు, పాపువా న్యూగినీలకును ఇచ్చినది. 2025లో ఆ పట్టికను సవరింపగా తక్కిన నాల్గింటికి హోదా నిలిచినది. అమెరికాది పోయినది, ఆ స్థానము ఐక్య అరబ్బు ఎమిరేట్లకు దక్కినది. ఆ యేడు సెప్టెంబరులో, పాలన చక్కబడలేదను కారణమున, ఆ దేశపు క్రికెట్టు సంస్థ సభ్యత్వమునే మండలి నిలిపివేసెను. జట్లు మాత్రము మండలి జరుపు పోటీలలో ఆడవచ్చునని మినహాయింపు నిచ్చిరి. పెద్దల తగవులో పిల్లల ఆట పోకుండుట కొంతలో కొంత మేలు.

ఇంత సంపన్న దేశమున స్త్రీల ఆట యిట్లు కుంటుటకు హేతువేమి? ఆ దేశము ఆడుపిల్లల ఆటలను నిర్లక్ష్యము చేసినదని యనరాదు. ప్రభుత్వధనము పుచ్చుకొను విద్యాలయము స్త్రీపురుష భేదము చూపరాదని అచ్చట 1972లో ఒక శాసనము పుట్టినది. అది ఆటలకును వర్తించెను. బాలురకు మైదానము, శిక్షకుడు, విద్యార్థివేతనము కలవన్నచోట బాలికలకును ఉండవలసివచ్చెను. ఆ చెట్టు కాచిన పండ్లు లోకమెఱిగినవే: స్త్రీల ఫుట్‌బాలు ప్రపంచపు గెలుపును ఆ దేశము 1991, 1999, 2015, 2019 సంవత్సరములలో నాలుగు మారులు పొందినది. క్రికెట్టు మాత్రము, ఒకటి రెండు పట్టణముల బడులలో దక్క, ఆ విద్యాలయముల గడప త్రొక్కలేదు. కావున అచ్చటి మన బాలిక ఆట నేర్చునది బడిలో గాదు. సెలవుదినమున తండ్రి కారు నడిపి చేర్చిన అద్దెమైదానమున, చాపపఱచిన పిచ్చిమీద. తల్లిదండ్రుల జేబులే ఆ జట్టునకు ఖజానా. మోకు పట్టినది వలసవచ్చిన కుటుంబములు మాత్రమే, ఊరింకను పట్టలేదు.

దీనికి ప్రక్కన థాయిలాండును పెట్టి చూడుడు. ఆ దేశమున క్రికెట్టు తెలిసిన వలసకుటుంబముల బలము లేదు. ఇంటిలో ఆ మాటయే వినని పిల్లలను, సాఫ్ట్‌బాలు మున్నగు ఇతర క్రీడలాడువారిని తెచ్చి జట్టు కట్టిరి. సోర్నారిన్ టిప్పోక్ నాయకత్వమున ఆ జట్టు 2020లో ఆస్ట్రేలియాలో జరిగిన స్త్రీల ఇరువది ఓవర్ల ప్రపంచ పోటీకి చేరెను. ఆటకు ముందును తరువాతను ఆ పడుచులు వరుసగా నిలిచి సభకు చేతులు జోడించి వంగుట చూచి ప్రేక్షకులు మురిసిరి. అమెరికా జట్టు ఇంతవరకు ఆ మెట్టు ఎక్కలేదు. 2028లో లాస్ ఏంజెలెసు ఒలింపిక్కులలో క్రికెట్టు, 1900 నాటి పారిసు తరువాత మొదటిసారిగా, మరల రానున్నది. స్త్రీలకు ఆరు జట్ల పోటీ యుండును. ఆ వేళకైనను అచ్చటి బడులు క్రికెట్టు బంతిని ముట్టుకొనునేని కొడాలివారి ప్రక్క స్మిత్తులు, జాన్సనులును నిలిచెదరు. అపుడు గీతిక వంటివారు వేసిన త్రోవకు మఱింత విలువ వచ్చును.

ఇక మన యింటి మాట. అమెరికాలో కూతురి కొఱకు శనివారము తెల్లవారకమున్నే లేచి నూరు మైళ్లు పోవు తండ్రియే, తన స్వగ్రామమున నుండినచో "ఆడుపిల్లకు ఈ యాటలేమి" యని గద్దించియుండునని మా యనుమానము. మనిషి మాఱలేదు, చుట్టునున్నవారి చూపు మాఱినది. (కళాశాలలో చోటు సంపాదించుటకు ఆట తోడ్పడునను లెక్కయు ఆ తండ్రికి లేకపోలేదు, దానికి మేము తప్పుపట్టము.) మన పల్లెలలో వేసవికి లంకల యిసుకపై బాలురు బ్యాటు పట్టుట అందఱు చూచునదే. ఆ గుంపులో ఒక్క బాలికను చూచినవారెందఱు?

2025 జనవరిలో అమెరికా బాలిక లాడిన ఆ మలేషియా పోటీలోనే భారత బాలికలు విజేతలైరి. 309 పరుగులు చేసి, ఏడు వికెట్లు తీసి, ఆ పోటీకెల్ల మేటి యనిపించుకొన్నది భద్రాచలపు గొంగడి త్రిష. మన గౌతమిలో పాఱు నీరు భద్రాద్రి పాదములు కడిగి వచ్చినదే గదా! అయినను ఆమె ఆటకై తండ్రి ఆ యూరు విడిచి కుటుంబముతో హైదరాబాదు చేరవలసివచ్చెను. అనిక కొలన్ కుటుంబము సముద్రము దాటినది. త్రిష కుటుంబము కొండలు దాటినది. దాటలేని యింటి పిల్ల గతి యేమి? 2025 నవంబరులో భారత స్త్రీలు ప్రపంచ విజయము సాధించిన జట్టులో కడపజిల్లా పల్లెనుండి వచ్చిన శ్రీచరణి యుండెను. ఆమెకు మన రాష్ట్రప్రభుత్వము రెండున్నర కోట్ల రూపాయలు ప్రకటించెను. సంతోషము. కాని గెలిచి వచ్చినవారికి పారితోషికము పంచుట సులువు; ఇంకను గెలువని పిల్లకు నాలుగు సెంట్ల నేల చూపుటలోనే ప్రభుత్వముల చేయి వణకుచున్నది.

2009 నాటి విద్యాహక్కు చట్టమే ప్రతి పాఠశాలకును ఆటస్థల ముండవలెనని నిర్ణయించినది. కోనసీమలో ప్రతి కుంటయు కొబ్బరికో వరికో పోయినదనుట నిజమే; ఐనను వాడపల్లి స్వామి సన్నిధికి ఏడు వారముల మ్రొక్కుతో వచ్చు వేలకొలది జనుల బండ్లకు శనివారమునాడు చోటు చూపగలిగిన సీమ యిది. జిల్లా విద్యాశాఖవారును, క్రీడాధికారులును ఆత్రేయపురము, కొత్తపేట, రాజోలు, అమలాపురము ప్రాంతములలోని ఉన్నతపాఠశాలల మైదానములను దినమునకొక గంట బాలికలకు మాత్రమే విడిచి, అచ్చట ఒక ఉపాధ్యాయినిని నియమింపవలెనని కోరుచున్నాము. ఆ గంట ఏ బడిలో ఏ వేళనో వచ్చు విద్యాసంవత్సరము మొదలగులోపల ప్రకటింతురా?