సగటు చెప్పని సంగతి

కండ్లకోయ ఇంజనీరింగు విద్యార్థికైనను, పాడి పద్దు వ్రాసికొను గృహిణికైనను 1985లో వెలువడిన ఎక్సెల్ సగటును క్షణములో కట్టియిచ్చును.

ఒక యింట అయిదు దినముల పాలు 10, 11, 12, 13, 14 లీటర్లనుకొందము. సగటు 12. చివరి గడిలో పొరపాటున 140 అని పడినచో సగటు 37.2 అగును, యంత్రము తప్పు పట్టదు. ఆ లెక్కను నమ్మి పాలకేంద్రమునకు మాట యిచ్చిన యింటికి మాట దక్కదు.

అంకెలను వరుసగా పేర్చినపుడు నడుమ నిలుచునది మధ్యగతము. ‘మీడియన్’ సూత్రముతో కట్టిచూడుడు: అది అప్పుడును 12, ఇప్పుడును 12.

కావున గణాంక విశ్లేషణ నేర్చువారు రెంటిని ప్రక్కప్రక్కన కట్టుకొనవలెను. వాటి నడుమ ఎడము హెచ్చుగా కనిపించినచో, ముందు పద్దులోని ప్రతి అంకెను మరల చదువవలెను.