ఉప్పునీటి అక్వేరియానికి సంపు: వాడని గాజు తొట్టిని మలచుకునే విధానం

ఉప్పునీటి అక్వేరియంలో చేపలు, పగడాలు ఉండే తొట్టికి దిగువన మరొక తొట్టిని అమర్చడం పరిపాటి. పై తొట్టి నుండి పొంగిన నీరు గొట్టం ద్వారా ఇందులోకి దిగి, శుద్ధి పొంది, పంపు ద్వారా తిరిగి పైకి చేరుతుంది. ఇళ్లలో నేల కింద కట్టే నీటి సంపు పేరే దీనికీ వాడుకలో ఉంది. ప్రయోగశాలలో ఖాళీగా పడి ఉన్న గాజు తొట్టిని తక్కువ ఖర్చుతో ఇలా మలచుకోవచ్చు. అయితే సంపు పరిమాణాన్ని నిర్ణయించేది పంపు నడిచే స్థితి కాదు. అది ఆగిపోయే స్థితి.

తొట్టి ఎంపిక

చేపల వ్యాధి చికిత్సకు గతంలో రాగి మందులు వాడిన తొట్టిని ఎంచుకోరాదు. అతుకులలో నిలిచిన రాగి స్వల్ప మోతాదులో విడుదలైనా పగడాలకు, రొయ్యలకు, నత్తలకు హానికరం. ఇత్తడి అమరికలను కూడా ఇదే కారణంగా వాడరాదు. ఎంచుకున్న తొట్టిని మంచినీటితో నింపి 24 గంటలు ఉంచి, కారడం లేదని నిర్ధారించుకోవాలి.

అరల విభజన

ఉదాహరణకు పై తొట్టి 120 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు, సంపు 75 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 38 సెం.మీ. ఎత్తు ఉన్నాయనుకుందాం. సంపులో ఒక చివర 20 సెం.మీ. పొడవు పంపు అరకు కేటాయించాలి. దానికి ముందు మూడు గాజు పలకలను 2.5 సెం.మీ. ఎడంతో నిలపాలి. మొదటి, మూడవ పలకలు అడుగుకు అతికి 22 సెం.మీ. ఎత్తు ఉండాలి, మధ్య పలక అడుగు నుండి 3 సెం.మీ. పైకి ఉండాలి. నీరు ఒక పలక మీదుగా, మరొకదాని కిందుగా సాగేటప్పుడు గాలి బుడగలు విడిపోతాయి. మిగిలిన పెద్ద అరలో ప్రోటీన్ స్కిమ్మర్ ఉంచాలి. పలక ఎత్తు మారనందున ఆ అరలో నీటిమట్టం స్థిరంగా ఉంటుంది. స్కిమ్మర్ సక్రమంగా పనిచేయడానికి ఇదే ముఖ్యం. పలకలను శిలీంధ్రనాశకం కలపని సిలికాన్‌తో అతికించి, పూర్తిగా గట్టిపడే వరకు ఆరనివ్వాలి.

విద్యుత్తు ఆగినప్పుడు

పంపు ఆగగానే, నీటిని పైకి చేర్చే గొట్టం సైఫన్‌గా మారి పై తొట్టి నీటిని కిందికి లాగుతుంది. గొట్టం మూతి నీటిలో 2 సెం.మీ. లోతున ఉంటే దిగివచ్చే నీరు 10.8 లీటర్లు. గొట్టాలలోని నీటికి 3 లీటర్లు కలిపితే దాదాపు 14 లీటర్లు. ఇది సంపులో మట్టాన్ని సుమారు 6 సెం.మీ. పెంచుతుంది, 22 సెం.మీ. మట్టం 28 సెం.మీ.కు చేరినా ప్రమాదం లేదు. అదే మూతి 7 సెం.మీ. లోతున ఉంటే సుమారు 41 లీటర్లు దిగుతాయి. మట్టం 18 సెం.మీ. పెరగవలసి వస్తుంది కనుక సంపు పొంగి పొర్లుతుంది. గొట్టానికి చేసే గాలి రంధ్రం నాచుతో, ఉప్పు పేరుకుని మూసుకుపోవచ్చు. కాబట్టి మూతిని తక్కువ లోతున ఉంచడమే నమ్మదగిన ఉపాయం.

పొంగు గొట్టం మూసుకున్నప్పుడు

ఇది పై దానికి విలోమ స్థితి. పంపు తన అరలోని నీటినంతా పైకి పంపుతుంది. ఆ అరలో నీరు 20 సెం.మీ. ఉండి, పంపు 5 సెం.మీ. వరకు లాగగలిగితే 9 లీటర్లు పైకి చేరి, అక్కడ మట్టం 1.7 సెం.మీ. పెరుగుతుంది. పై తొట్టిలో 3 సెం.మీ. ఖాళీ ఉంటే చాలు. పంపు అరను పెద్దది చేస్తే ఈ ఖాళీని కూడా పెంచవలసి ఉంటుంది.

ఆవిరి నష్టం

సంపు ఉన్న వ్యవస్థలో ఆవిరి వల్ల మట్టం తగ్గడం పంపు అరలోనే కనిపిస్తుంది. ఆ అర వైశాల్యం 600 చదరపు సెం.మీ. మాత్రమే కనుక 1.2 లీటర్లు ఆవిరైతే 2 సెం.మీ. తగ్గుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు మిగిలిపోయి గాఢత పెరుగుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. దీనిని నిలపడానికి రోజూ శుద్ధి చేసిన మంచినీటినే కలపాలి, ఉప్పునీటిని కాదు. గాజుపై గీసిన గుర్తును మించి నింపితే పై లెక్కలన్నీ తారుమారవుతాయి.

తుది పరీక్ష

ఉప్పు కలపకముందే మంచినీటితో వ్యవస్థను నడిపి, ఒకసారి పంపును ఆపి, మరొకసారి పొంగు గొట్టాన్ని మూసి, మట్టాలను కొలవాలి. పలకలు, స్కిమ్మర్ ఆక్రమించే స్థలం వల్ల వాస్తవ మట్టం లెక్కకన్నా కొంత ఎక్కువగానే ఉంటుంది. రెండు పరీక్షలలోనూ చుక్క నీరు నేలపై పడకపోతేనే తొట్టిలోకి జీవులను వదలాలి.