టూడీ అయస్కాంతం

ఒకటి లేదా కొద్ది పరమాణువుల మందంలోనే ఉండి కూడా అయస్కాంతంలా పనిచేసే పొరే టూడీ అయస్కాంతం.

ఎలక్ట్రాన్‌కు విద్యుదావేశంతో పాటు స్పిన్ అనే గుణం ఉంటుంది. కోట్లాది స్పిన్‌లు ఒకే దిక్కుకు తిరిగితే అయస్కాంతత్వం పుడుతుంది. పొర పలచబడేకొద్దీ వేడి ఆ వరసను చెదరగొడుతుంది. 2017లో క్రోమియం ట్రైఅయొడైడ్ ఏకపొరలో అయస్కాంతత్వం కనిపించినా, అది మైనస్ 228 డిగ్రీల సెల్సియస్ చలిలోనే. పైగా గాలి తగిలితే ఆ పొర పాడైపోతుంది.

గాలికి తట్టుకునే లోహ ఆక్సైడ్లపై ఆసక్తి అందుకే. సన్‌స్క్రీన్ క్రీముల్లో వాడే తెల్లటి జింక్ ఆక్సైడ్‌కు స్వతహాగా అయస్కాంత గుణం లేదు. 2021లో అమెరికాలోని బర్క్‌లీ పరిశోధకులు దాని ఏకపొరలోకి కోబాల్ట్ పరమాణువులను చొప్పించారు. కోబాల్ట్ పాళ్లు సుమారు 12 శాతానికి చేరగానే అది బలమైన అయస్కాంతమైంది. గది ఉష్ణోగ్రతలోనే కాదు, 100 డిగ్రీల వేడిలోనూ ఆ గుణం పోలేదు! కోబాల్ట్ స్పిన్‌లను ఒక తాటిపై నిలిపేది జింక్ ఆక్సైడ్‌లోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లేనని వారి వివరణ.

స్పిన్ దిశనే 0, 1గా చదివి సమాచారం దాచే విద్య స్పింట్రానిక్స్. కరెంటు పోయినా చెరిగిపోని ఎంరామ్ మెమరీ చిప్‌లు ఇప్పటికే ఈ పద్ధతిలో పనిచేస్తున్నాయి. అయస్కాంత పొర ఎంత పలచనైతే, అంత చిన్న చోట ఎక్కువ సమాచారం పట్టించే వీలుంటుంది. ఈ ఏకపొరలు మాత్రం ఇంకా ప్రయోగశాల దశలోనే ఉన్నాయి.