మురుగునీరు - ఆర్కేటా పురపాలకుల పట్టుదల

మురుగునీటి ప్రసంగము రాగానే ముక్కు మూసికొను వారు కొందఱు గలరు. పట్టణమున గడప దాటిన మురుగు దిగువ గ్రామపు కాలువలోనికి దిగుటయు, ఆ నీరే మళ్లకు పాఱుటయు నెఱిగిన రైతులు మాత్రము మా మాటను త్రోసివేయరు. 2020-21 నాటి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారము దేశమునందలి పట్టణములు దినమునకు సుమారు 7,236 కోట్ల లీటర్ల మురుగును విడుచుచుండగా, శుద్ధిచేయుటకు ఏర్పఱచిన సాధనముల శక్తి 3,184 కోట్ల లీటర్లు మాత్రమే. ధనము లేదనుట మన పురపాలక సంఘముల సమాధానము. ధనము తక్కువైన ఒక చిన్న యూరు ఏమి చేసినదో చూతము.

కాలిఫోర్నియా ఉత్తర తీరమున, హంబోల్టు అఖాతపు టొడ్డున ఆర్కేటా కలదు. 2020 జనగణనలో దాని జనసంఖ్య 19 వేలకు లోపు. అఖాతములలోనికి మురుగు వదలరాదనియు, వదలుటచే అచ్చటి నీటికి మేలు కలుగునని రుజువు చేసిననే యనుమతింతుమనియు 1974లో రాష్ట్ర జలమండలి శాసించెను. అంతట చుట్టుపట్ల ఊళ్ల మురుగంతయు గొట్టములగుండ అఖాతమును దాటించి, ఒక్కచోట శుద్ధిచేసి మహాసముద్రమున కలుపు పథకము బయలుదేఱెను. దాని వ్యయము చిన్న యూళ్లకు మోయరానిది. ఆర్కేటా పురపాలకులు కాదనిరి. కాదనుట యెవరికైనను సులభమే; బదులు చూపుట కష్టము.

అచ్చటి విశ్వవిద్యాలయపు మత్స్యశాస్త్రాచార్యుడు జార్జి ఆలెన్ అదివఱకే శుద్ధియైన మురుగును సముద్రజలముతో కలిపి సాల్మను చేపపిల్లలను పెంచుచుండెను. ఆయనయు, ఇంజనీరు రాబర్టు గేర్‌హార్టును, మఱికొందఱును 1979లో చిన్న తుంగమళ్లలో పరీక్షలు ప్రారంభించిరి. ఆ ఫలితములను ముందిడి రాష్ట్రమండలిని ఒప్పించిరి. పాడుపడిన రంపపుమిల్లు స్థలమును, ఊరి చెత్తదిబ్బ పరిసరములను మడుగులుగా మార్చిరి. 1986 నాటికి ఏర్పాటు పూర్తియై పనిచేయసాగెను.

పద్ధతి యిది. ఇసుకను చెత్తను తీసి, మడ్డిని తొట్లలో పేరుకొననిత్తురు. పైతేట విశాలమైన గుంటలలో దినములతరబడి నిలుచును; పాచి విడుచు ప్రాణవాయువుతో సూక్ష్మజీవులు మాలిన్యమును హరించును. కాని ఆ పాచియే నీటిని పచ్చబఱచును గదా! అందుకే తుంగమడుగు. దట్టమైన తుంగ నీడలో ఎండ సోకక పాచి చచ్చి అడుగంటును; కాడల నంటుకొనిన సూక్ష్మజీవులు శేషమును జీర్ణించుకొనును. తుదకు క్రిమిసంహారమైన నీరు అఖాతమును చేరును. 307 ఎకరముల ఆ ప్రదేశమున 300కు పైగా పక్షిజాతులు కానవచ్చినవి. పెద్దలు పిల్లలతో అచ్చటికి షికారు పోవుదురు. మన మురుగుకాలువ వంకకు ఎవరు పోదురు?

ఊరి యెగువనున్న అడవిని సైతము పురపాలకులే 1955లో ప్రజల వనముగా ఏర్పఱచి కాపాడుచున్నారు. అందు పుట్టిన జాలీ జయంటు వాగు కొంతదూరము వీధుల క్రింది తూములలో దాగి, మడుగుల చెంతనే ఉప్పునీటిలో కలియును. వాగును మురుగును వేఱు శాఖలుగా చూచు మన యలవాటు వారికి లేదు, ఉండియున్న నష్టపోయెడివారే. ఏలయన వానకాలమున వాగుపల్లపు నీరు పాతగొట్టముల పగుళ్లలో చొరబడి, శుద్ధిశాలకు మోయలేని బరువు తెచ్చుచున్నది. ఆ చిక్కు నేటికిని తీఱలేదు. సముద్రమట్టము పెరుగుచు, అఖాతపు నేల కుంగుచుండగా, శుద్ధిశాలను కాచు కరకట్ట యెంతకాలము నిలుచునన్న చింతయు వారిని పట్టియున్నది.

మన పట్టణములలో చెరువుగర్భములను ఇండ్లస్థలములకు పంచక మున్ను, ఆ నేలలో ఎన్ని యెకరముల మడుగు తమ యూరి మురుగునకు చాలునో లెక్కవేయించిన సభ్యు లెందఱని మే మడుగుచున్నాము.